సర్కారు టపా, కంపెనీ గోడలు

రాష్ట్రం సాధించుకోవడం ఒక కొట్లాట. సాధించుకున్న రాష్ట్రాన్ని మన చేతిలో నిలుపుకోవడం ఇంకో కొట్లాట. మొదటి కొట్లాటలో గెలిచిన వాళ్లు రెండోదాన్ని మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద పెద్ద గ్రంథాలు అక్కర్లేదు. ఒక పాత పోస్టాఫీసు చాలు.

ఆ పోస్టాఫీసు మన దగ్గర లేదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు కొద్ది మైళ్ల దూరంలో, మ్యూల్ కొండల నడుమ బిస్బీ అనే ఊరిలో ఉంది. అది రాగి గనుల ఊరు. అంత దూరపు ముచ్చట మనకెందుకని విద్యార్థి మిత్రులు, ఉద్యోగ సోదరులు అడగవచ్చు. అది ఇష్టం లేని విలీనాన్ని ఓటుతో తిప్పికొట్టి సొంత రాష్ట్రం తెచ్చుకున్న నేల. రాష్ట్రం వచ్చిన ఐదేళ్లకే తన గని కార్మికులను పశువుల బండ్లలో తోలేసిన నేల కూడా అదే. ఆ రెండు ఘట్టాలనూ చూసిన భవనం ఆ పోస్టాఫీసు. అందుకే ఈ వారం దాని సంగతి.

బిస్బీ 1880లో పుట్టింది. ఆ పేరు డివిట్ బిస్బీ అనే జడ్జిది. గనుల్లో పెట్టుబడి పెట్టాడు గానీ తన పేరున్న ఊరిలో ఒక్కనాడూ కాలు పెట్టలేదని అక్కడి చరిత్ర చెబుతుంది. ఊరికి పేరు పెట్టినవాడు ఊరు చూడలేదు, ఊరిని తవ్వినవాళ్ల పేరు ఊరికి లేదు. గనుల ఊళ్ల కథ ఎక్కడైనా ఇట్లాగే మొదలవుతుంది. న్యూయార్కుకు చెందిన ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీ 1885 నాటికి కాపర్ క్వీన్ గనిని తన చేతిలోకి తెచ్చుకుంది. ఆ తర్వాత ఊరిలో కంపెనీది కానిదంటూ పెద్దగా మిగల్లేదు. దుకాణం కంపెనీదే, దవాఖాన కంపెనీదే, హోటలు కంపెనీదే, పొద్దున్నే చదివే దినపత్రికా కంపెనీదే. రాగి మోసుకుపోయే రైలుమార్గం కూడా కంపెనీ చెప్పుచేతల్లోదే.

ఈ ఊరి మెయిన్ స్ట్రీట్ మొదట్లో 1907లో ఫెల్ప్స్ డాడ్జ్ ఒక భవనం కట్టించింది. కింద పోస్టాఫీసు, పైన లైబ్రరీ. పోస్టాఫీసు అమెరికా కేంద్ర ప్రభుత్వానిది, గోడలు కంపెనీవి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలిన కథంతా అర్థమవుతుంది. పైనున్న కాపర్ క్వీన్ లైబ్రరీ 1882లో మొదలైంది. అరిజోనాలో ఆగకుండా నడుస్తున్న గ్రంథాలయాల్లో అదే పాతది. కార్మికుడు సారా దుకాణానికి పోకుండా పుస్తకం పట్టుకోవాలని కంపెనీ అనుకుంది. మంచి మాటే. కానీ ఏ పుస్తకం, ఎవరి పత్రిక అని తేల్చే పెత్తనం మాత్రం గని యజమానిదే.

కొండ వాలుల మీద మెట్ల దారుల వెంట ఇళ్లు కట్టుకున్న ఊరది. పాత బిస్బీలో ఇంటింటికీ టపా పంచే పోస్ట్‌మ్యాన్ లేడు. ఎవరి ఉత్తరం వాళ్లు పోస్టాఫీసుకు వచ్చి తమ డబ్బాలోంచి తీసుకుపోవాలి. ఈనాటికీ అదే పద్ధతి. కాబట్టి ఊరిలో ప్రతి మనిషీ దిగి రాక తప్పని జాగ అదొక్కటే. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన వాళ్లు, ఐర్లండు వాళ్లు, సెర్బులు, ఫిన్నులు, ఇటాలియన్లు, మెక్సికన్లు, ఇరవై ముప్ఫై దేశాల మనుషులు ఆ గనుల్లో ఉన్నారు. వాళ్లకు సొంత ఊరితో మిగిలిన బంధం ఉత్తరమే. పోస్టాఫీసు ముందరి ఖాళీ జాగలో మంది కలుసుకునేవాళ్లు, మాట్లాడుకునేవాళ్లు. బొగ్గుబాయి ఊళ్లల్లో పెరిగిన వాళ్లకు ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు. మనియార్డరు ఫారం మీద వేలిముద్ర వేసిన తాతలు ఉన్న ఇండ్లు మనవి.

ఇక రాష్ట్రం సంగతి.

అరిజోనా 1863లోనే న్యూమెక్సికో నుంచి వేరుపడి ప్రత్యేక టెరిటరీ అయ్యింది. టెరిటరీ అంటే గవర్నర్‌ను వాషింగ్టన్ నియమిస్తుంది, అధ్యక్షుని ఎన్నికలో జనానికి ఓటుండదు, స్వపాలన సగమే. నలభై ఏళ్లు గడిచినా రాష్ట్ర హోదా రాలేదు. చివరికి వాషింగ్టన్ పెద్దలు ఒక ఉపాయం చెప్పారు. అరిజోనా, న్యూమెక్సికో రెండింటినీ కలిపి ఒకే రాష్ట్రం చేస్తామన్నారు. పేరు అరిజోనాదట, రాజధాని న్యూమెక్సికోలోని శాంటా ఫేలోనట! మన పెద్దలకు 1956లో దీని తలకిందుల బేరం దక్కింది. రాజధాని మనది, పేరు మాత్రం వాళ్లది.

అయితే అక్కడ ఒక మేలు జరిగింది. సెనేటర్ జోసెఫ్ ఫోరేకర్ ఒక సవరణ తెచ్చాడు. రెండు ప్రాంతాల్లోనూ విడివిడిగా ఓటు పెట్టాలి, ఏ ఒక్కటి కాదన్నా విలీనం ఆగిపోవాలి. 1906 నవంబరులో ఓటింగు జరిగింది. న్యూమెక్సికోలో 26,195 మంది సరే అన్నారు, 14,735 మంది వద్దన్నారు. అరిజోనాలో సరే అన్నవాళ్లు 3,141 మంది, వద్దన్నవాళ్లు 16,265 మంది. అంతే, విలీనం చచ్చింది. ఫజల్ అలీ కమిషన్ 1955లో మనకు చెప్పింది కూడా దాదాపు ఇదే. హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితేనే కలపండి అన్నది. మనల్ని ఎవరూ అడగలేదు. 1956 నవంబరు 1న కలిపేశారు. అరిజోనా వాళ్లను అడిగారు కాబట్టి ఒక్క రోజులో తేలింది. మనల్ని అడగలేదు కాబట్టి 58 ఏళ్లు పట్టింది. మధ్యలో 1969లో కాల్చి చంపిన పిల్లల లెక్క, మలి ఉద్యమంలో రాలిపోయిన పిల్లల లెక్క మనకు తెలుసు.

కానీ ఆ 16,265 ఓట్ల వెనుక ఎవరెవరున్నారో కూడా నిజాయితీగా చూడాలి. మా నేల మా పాలన అన్న మామూలు జనం ఉన్నారు. స్పానిష్ మాట్లాడే న్యూమెక్సికో జనంతో కలిస్తే మన ఆధిక్యం పోతుందన్న తెల్లవాళ్ల దురభిమానం ఉంది. కొత్త పెద్ద రాష్ట్రంలో పన్నులు పెరుగుతాయని భయపడ్డ గని కంపెనీలు, రైలు కంపెనీలు ఉన్నాయి. అందరూ ఒక్క జెండా కిందే నడిచారు. రాష్ట్ర ఉద్యమమంటే అందరినీ కలుపుకుపోయేదే, తప్పులేదు. గెలిచిన తర్వాత ఆ జెండా ఎవరి చేతికి పోయిందన్నదే అసలు ప్రశ్న.

మొదట్లో జనం చేతికే వచ్చినట్టు కనబడింది. 1910లో రాసుకున్న అరిజోనా రాజ్యాంగం ఆనాటికి ముందడుగు. జనమే చట్టం ప్రతిపాదించే హక్కు, ఎన్నికైన వాళ్లను మధ్యలోనే దించే హక్కు అందులో పెట్టారు. కార్మికుల పేర్లు నల్ల జాబితాలో రాసి ఎక్కడా పని దొరకకుండా చేసే పద్ధతిని నిషేధించారు. జడ్జీలను కూడా దించవచ్చన్నందుకు అధ్యక్షుడు టాఫ్ట్ 1911లో వీటో చేశాడు. ఆ ముక్క తీసేసి 1912 ఫిబ్రవరి 14న రాష్ట్రం తెచ్చుకున్నారు. అదే ఏడాది నవంబరులో ఓటేసి ఆ ముక్కను మళ్లీ రాసుకున్నారు! ఢిల్లీ దగ్గర తల వంచడం మాత్రమే నేర్చిన మన నాయకులు చదువుకోవాల్సిన పాఠమిది.

అట్లాంటి రాష్ట్రంలో, అట్లాంటి రాజ్యాంగం నీడలో, ఐదేళ్లకు ఏం జరిగింది?

1917లో అమెరికా ప్రపంచ యుద్ధంలో దిగింది. రాగి ధర ఆకాశానికెక్కింది. కంపెనీ లాభాలు పెరిగాయి, బిస్బీ కార్మికుని బతుకు పెరగలేదు. జూన్ ఆఖర్లో వాళ్లు సమ్మెకు దిగారు. కోరికలు వినండి: లోపల మనుషులు ఉండగా మందుగుండు పేల్చవద్దు, డ్రిల్లు దగ్గర ఇద్దరిని పెట్టండి, సంఘంలో చేరినవాళ్ల మీద కక్ష కట్టవద్దు, లోపల పనికి రోజుకు ఆరు డాలర్లు ఇవ్వండి. మెక్సికన్ కార్మికులను గనిలోకి దిగనీయకుండా పైన తక్కువ కూలీ పనుల్లోనే ఉంచేవాళ్లు. ఆ తేడా కూడా పోవాలన్నారు. ఇందులో దేశద్రోహం ఎక్కడుంది? కంపెనీ పత్రికకు మాత్రం కనబడింది. సమ్మె చేసేవాళ్లు శత్రు దేశం మనుషులని రాసింది. హక్కు అడిగితే ద్రోహి అనడం మనకూ కొత్త కాదు.

జూలై 12 తెల్లవారుజామున షెరీఫ్ హ్యారీ వీలర్ దాదాపు 2 వేల మందికి చేతికి తెల్ల గుడ్డలు కట్టి, తుపాకులిచ్చి వీధుల్లోకి వదిలాడు. పథకం అతనొక్కడిది కాదు, కంపెనీ పెద్దలతో కూర్చుని వేసింది. ఆడవాళ్లు, పిల్లలు బయటికి రావద్దని ఆ పొద్దుటి పత్రికలోనే హెచ్చరిక వచ్చింది. ఇండ్లలోంచి, హోటళ్లలోంచి, వీధుల్లోంచి కార్మికులను, వాళ్లకు అండగా నిలిచిన చిన్న దుకాణదారులను సైతం ఈడ్చుకొచ్చారు. ఆ పెనుగులాటలో ఒక కార్మికుడు, తుపాకీ పట్టిన మనిషి ఒకడు చనిపోయారు.

పట్టుకున్నవాళ్లను ఎక్కడ కూడేశారు? పోస్టాఫీసు ముందు.

తమ ఉత్తరాల కోసం రోజూ వచ్చే ఆ జాగలోనే సుమారు 2 వేల మందిని తుపాకుల నడుమ నిలబెట్టారు. అక్కడి నుంచి రెండు మైళ్లు నడిపించి వారెన్ అనే పేటలోని ఆటస్థలానికి తోలారు. సమ్మె వదిలేస్తామన్నవాళ్లను పక్కకు తీశారు. వదలమన్న సుమారు 1,200 మందిని పశువుల పెట్టెల్లో ఎక్కించారు. జూలై ఎండ, పేడ మురికి, తిండి లేదు, నీళ్లు సరిగ్గా లేవు. పదహారు గంటల ప్రయాణం తర్వాత హెర్మనాస్ అనే ఎడారి స్టేషన్‌లో దించి వెళ్లిపోయారు. ఆ హెర్మనాస్ ఏ రాష్ట్రంలో ఉందో తెలుసా? న్యూమెక్సికోలో. పదకొండేళ్ల కింద ఏ నేలతో కలిసి బతకమని అరిజోనా ఓటేసిందో, ఆ నేల మీదనే తన సొంత కార్మికులను పారేసింది.

ఆ పగలంతా ఊరి వార్త బయటికి పొక్కలేదు. కంపెనీ మనుషులు టెలిగ్రాఫు, టెలిఫోను తమ అదుపులోకి తీసుకున్నారు. ఊరి నుంచి ఒక్క తంతి కదలనివ్వలేదు. తర్వాత నెలల తరబడి ఊరి దారుల్లో కాపలాలు పెట్టి, చీటీ ఉన్నవాణ్నే లోపలికి రానిచ్చారు. వెళ్లగొట్టబడిన వాళ్లలో చాలామంది మళ్లీ బిస్బీ ముఖం చూడలేదు. పోస్టాఫీసు మీద కేంద్ర ప్రభుత్వ జెండా ఎగురుతూనే ఉంది. దాని కిందనే ప్రభుత్వం లేని రాజ్యం నడిచింది.

చట్టం ఏం చేసింది? అధ్యక్షుడు విల్సన్ వేసిన సంఘం అదే ఏడాది విచారణ జరిపి, ఇది పూర్తిగా చట్టవిరుద్ధమని తేల్చింది. కేంద్రం కంపెనీ అధికారుల మీద, షెరీఫ్ మీద కేసు పెట్టింది. సుప్రీంకోర్టు 1920లో ఆ కేసు నిలవదన్నది. మనుషులను ఎత్తుకుపోయిన నేరం రాష్ట్రం చూసుకోవాల్సిందే తప్ప కేంద్రం శిక్షించలేదన్నది. మరి రాష్ట్రం? అదే 1920లో అరిజోనా కోర్టులో ఒక్క మనిషి మీద విచారణ జరిగింది. అవసరం కొద్దీ చేశాడని జూరీ వదిలేసింది. మిగిలిన వాళ్ల మీద కేసులు అక్కడితోనే ఆగిపోయాయి. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్ర హక్కు కార్మికునికి రక్షణ కావాల్సింది పోయి యజమానికి డాలు అయ్యింది. ఈ వాక్యాన్ని మన మిత్రులు రెండుసార్లు చదవాలి.

ఆ తర్వాత బిస్బీ నోరు మూసుకుంది. తాతలు పట్టుకున్న వాళ్లు, తాతలు పట్టుబడ్డ వాళ్లు పక్క పక్క ఇండ్లలోనే బతికారు, మాట్లాడుకోలేదు. 1970ల మధ్యలో గనులు మూతపడ్డాయి. 800 కోట్ల పౌన్ల దాకా రాగి ఇచ్చిన ఊరు అది. 2020 జనగణనలో అక్కడి జనాభా 5 వేల లోపే. కానీ ఊరు చావలేదు. మూసిన గనిలోకి 1976 నుంచి సందర్శకులను తీసుకుపోతున్నారు. కంపెనీ పాత ఆఫీసు మ్యూజియం అయ్యింది. పోస్టాఫీసు మీదున్న లైబ్రరీ ఇప్పుడు కంపెనీది కాదు, ఊరిది. దేశంలోకెల్లా మంచి చిన్న గ్రంథాలయంగా 2019లో దానికి పురస్కారం వచ్చింది. అంతకంటే పెద్ద సంగతి 2017లో జరిగింది. వెళ్లగొట్టిన ఘటనకు నూరేళ్లయిన రోజున ఊరి జనమే పట్టుకున్న వాళ్లుగా, పట్టుబడ్డ వాళ్లుగా వేషాలు వేసి, అవే వీధుల్లో ఆ ఘటనను మళ్లీ ఆడారు. రాబర్ట్ గ్రీన్ అనే దర్శకుడు దాన్ని సినిమాగా తీశాడు. నూరేళ్ల మౌనం వీధిలోనే పగిలింది. గోడలు నిలిచి ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది. కూల్చేసి ఉంటే ఎక్కడ నిలబడి యాది చేసుకునేవాళ్లు?

ఇప్పుడు మన వైపు చూద్దాం.

సింగరేణి ప్రాంతంలో బొగ్గును 1871లో విలియం కింగ్ కనిపెట్టాడు. 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కు దక్కింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. బిస్బీకి న్యూయార్కు ఎట్లాగో ఇల్లందుకు లండన్ అట్లాగ. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయ్యింది, 1945లో నిజాం సర్కారు చేతికొచ్చింది. ఇవ్వాళ అందులో 51 శాతం వాటా మన రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఇల్లందు, బెల్లంపల్లి, కొత్తగూడెం, గోదావరిఖని... ఇవి బొగ్గు పటాల మీద చుక్కలు కావు. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైనప్పుడు బాయి దిగకుండా నిలబడి హైదరాబాద్‌కూ ఢిల్లీకీ కరెంటు విలువ చెప్పిన ఊళ్లివి. యూనివర్సిటీల్లో మేం నినాదాలిస్తుంటే, తన జీతం వదులుకుని మాకు వెన్నెముకగా నిలిచింది బొగ్గు కార్మికుడే.

ఆ కార్మికునికి ఈ రాష్ట్రం ఏమిచ్చింది? 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇవ్వాళ సగానికి చాలా కిందికి పడిపోయింది. లోపలి బాయిలు మూతపడి ఓపెన్‌కాస్టులు ఊళ్లను మింగుతున్నాయి. పర్మినెంటు కార్మికుని పక్కనే అదే పని చేసే కాంట్రాక్టు కార్మికుడు తక్కువ కూలీకి చెమటోడుస్తున్నాడు. సొంత రాష్ట్రం వచ్చిన ఎనిమిదేళ్లకు, 2022లో, ఆ కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగాల్సి వచ్చింది. బిస్బీలో లాగా ఇక్కడ పశువుల పెట్టెలు లేవు. కానీ అదే పనికి రెండు కూలీలు ఉన్నంత కాలం ఆ పోస్టాఫీసు ముచ్చట మనకు దూరపుది కాదు.

ఇక గోడల సంగతి. మూతపడ్డ బాయితో పాటు దాని చుట్టూ ఉన్న ఊరు కూడా మాయమవుతున్నది. కార్మికులు వరుసలో నిలబడ్డ పోస్టాఫీసులు, పాత దవాఖానలు, క్వార్టర్లు, యూనియన్ ఆఫీసులు శిథిలమైతే అడిగే నాథుడు లేడు. చార్మినార్‌కు, గోల్కొండకు దక్కే గౌరవంలో నూరో వంతు కూడా చెమట ఊళ్ల గోడలకు దక్కదు. రాజుల కోటలే చరిత్ర అనుకునే బుద్ధి మనది కాకూడదు. కోట కట్టించినవాని పేరు రాతి మీద ఉంటుంది. బాయిలో చనిపోయినవాని పేరు ఎక్కడుంది? 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది జలసమాధి అయ్యారు. ఇట్లాంటి వాళ్ల పేర్లు ఊరి నడుమ, నలుగురూ చదివే గోడ మీద, తెలుగులో ఉండాలి.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా పెడుతున్నాం. బొగ్గు ఊళ్లలోని పాత ప్రజా భవనాలన్నిటి జాబితా రాష్ట్ర వారసత్వ శాఖ తయారు చెయ్యాలి. పోస్టాఫీసులు కేంద్రానివి కాబట్టి తపాలా శాఖతో మాట్లాడే బాధ్యత మన ఎంపీలది. కూల్చే ముందు ఊరి జనాన్ని, కార్మిక సంఘాలను అడగాలి. మూతపడ్డ ఒక పాత బాయిని, దాని చుట్టూ ఉన్న కట్టడాలను కార్మికుల మ్యూజియంగా చెయ్యాలి, నడిపే కమిటీలో సంఘాల వాళ్లుండాలి. కాకతీయ, ఉస్మానియా చరిత్ర విద్యార్థులు ఈ ఎండకాలం సెలవుల్లో బొగ్గు ఊళ్లకు పోయి రిటైరైన కార్మికుల మాటలు రికార్డు చెయ్యాలి. సింగరేణి ఉద్యోగులు తమ ఇండ్లలోని పాత వేతన చీటీలు, ఉత్తరాలు, యూనియన్ కరపత్రాలు దాచి పెట్టాలి, చెత్తలో వెయ్యవద్దు.

ఇంకొక మాట. దాచిపెట్టే చరిత్ర అందమైనదే కానక్కర్లేదు. బిస్బీ జనం తమ ఊరికి మచ్చ తెచ్చిన రోజును కూడా దాచుకున్నారు, అదీ నూరేళ్లు ఆలస్యంగా. మనం అంత ఆలస్యం చెయ్యవద్దు. సమ్మెలో ఎవరు నిలబడ్డారో, ఎవరు అమ్ముడుపోయారో, రాష్ట్రం వచ్చినంక ఎవరికి పదవులు వచ్చాయో, ఎవరికి కాంట్రాక్టు కూలీ మిగిలిందో అంతా రాసిపెట్టాలి. చూసినవాళ్లు బతికి ఉన్నారు, చెప్పగలిగి ఉన్నారు. ఈ పని ఈ ఏడే మొదలు కావాలి.